నిలవ నీరు గారికి సెలవు మంజూరు

మహారాజశ్రీ నిలవ నీరు గారికి,
నాట్లు పడ్డ రోజు నుంచి కోతల దాకా కదలని కాపురం, వరి మడి.

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. మీరు కులాసాగానే ఉన్నారు. మీ కిందున్న వేళ్ళ సంగతి, మీ పైనున్న గాలి సంగతే బాగాలేదు.

కంగారు పడి గట్టు తెంచుకోకండి. మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేయడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. వరికి మీ అవసరం ఉంది. ఎప్పుడు, ఎంత, ఎన్నాళ్ళు అన్నదగ్గరే పేచీ. భోగికి వచ్చిన అల్లుడు ముక్కనుమ దాటినా చాప మడవకపోతే అత్తగారు ఏం చేస్తుంది? బస్సు ఎన్నింటికో కనుక్కుంటుంది. ఈ ఉత్తరం కూడా ఆ బస్సు టైము గురించే.

మీ పలుకుబడి సామాన్యమైనది కాదని ఒప్పుకోవాలి. చేలో బెత్తెడు నీళ్ళు తళతళలాడుతుంటే తప్ప రైతుకి కంటిమీద కునుకు రాదు. గట్టున పోయేవాడు కూడా “బాగా పెట్టావయ్యా నీళ్ళు” అని మెచ్చుకుంటాడు. అదే నేల బయటపడి కనిపిస్తే “ఏం బావా, మోటారు కాలిందా?” అని పరామర్శ. వరి నీటి మొక్క అని ఊరందరినీ నమ్మించారు మీరు. నీటి మొక్క అంటే తామర, కలువ. వరి నీళ్ళను ఓర్చుకునే మొక్క. ఓర్చుకోవడాన్ని కోరుకోవడంగా లెక్కగట్టుకోవడం ఇల్లరికపు అల్లుళ్ళకు కొత్తేం కాదు లెండి.

పాపం వరి ఎలా ఓర్చుకుంటుందో ఎప్పుడైనా చూశారా? మీరు నెత్తిన కూర్చుంటే మట్టిలోకి గాలి దిగదు. అందుకని అది కాండంలోనూ వేళ్ళలోనూ సన్నటి గాలి గొట్టాలు కట్టుకుని, ఆకుల మీదుగా ప్రాణవాయువును కిందికి దించుకుంటుంది. బతకడానికి అది కట్టుకున్న గొట్టాన్ని మీరు పొగగొట్టం చేసేశారు. మడిలోంచి బయటికొచ్చే, భూమిని వేడెక్కించే మీథేన్‌లో 90 శాతం దాకా ఆ గొట్టాల గుండానే పైకి పోతుంది. మిగిలింది బుడగలుగా. నమ్మకం లేకపోతే నాటిన నెలన్నరకి, నీళ్ళు తియ్యని మడిలో ఎవరినైనా ఒక అడుగు వేసి చూడమనండి. కాలు దిగబడగానే పిక్కల చుట్టూ బుడబుడమని బుడగలు లేస్తాయి. ఆ కుళ్ళిన గుడ్డు కంపు మీథేన్‌ది కాదు, దానికి వాసనే లేదు. కంపు దాని పొరుగువాడైన గంధకపు వాయువుది. ఒక దుబ్బు పీకి వేళ్ళు కడిగి చూస్తే మీ నిర్వాకం ఇంకా బాగా కనిపిస్తుంది. గాలి తగిలిన వేరు ఇటుక రంగులో, తుప్పు పూతతో ఉంటుంది. మీ పాలనలో మగ్గిన వేరు నల్లబడి, చేత్తో లాగితే తొక్క ఊడొస్తుంది.

మట్టిలో మీరు పెట్టే విందు గురించి కూడా చెప్పాలి. అక్కడ సూక్ష్మజీవులకు బంతి భోజనం. మొదటి బంతిలో కూర్చునేవాళ్ళు ప్రాణవాయువు తినేవాళ్ళు. మీరొచ్చిన ఒకటి రెండు రోజుల్లో వాళ్ళ విస్తరి ఖాళీ. తర్వాతి బంతి నైట్రేటు తినేవాళ్ళది. ఆ పైన మాంగనీసు, ఆ పైన ఇనుప తుప్పు, ఆ పైన సల్ఫేటు. ఇవన్నీ అయిపోయాక, అందరూ చేతులు కడుక్కున్నాక, ఆఖరి బంతికి దిగుతాయి మీథేన్ పుట్టించే జీవులు. గాలి సోకితే వాటికి పడదు. మీరు వారాల తరబడి కదలకుండా నిలబడితే తప్ప వాటికి విస్తరి పడదు. అందుకే మిమ్మల్ని నాలుగు రోజులు బయటికి పొమ్మనేది. నేల ఆరి, గాలి దిగి, ఇనుము మళ్ళీ తుప్పు పట్టిందంటే బంతి మొదటికొస్తుంది. తిరిగి మీరొచ్చినా, ఆఖరి బంతివాళ్ళు అన్నాళ్ళూ గుమ్మంలో నిలబడాల్సిందే.

ఇక లెక్కలు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2019లో సవరించిన లెక్కల పద్ధతిలో దక్షిణాసియా వరికి ఒక అంకె ఉంది: ఎడతెగకుండా నీళ్ళు నిలిచిన హెక్టారు నుంచి రోజుకు 0.85 కిలోల మీథేన్. మీరు 110 రోజులు తిష్ఠ వేస్తే ఎకరాకు సుమారు 38 కిలోలు. వంటింటి సిలిండర్లో పట్టే గ్యాసు 14.2 కిలోలు. అంటే తూకంలో చూస్తే రెండున్నర సిలిండర్లకు పైగా, ఎకరాకు, పంటకు, సబ్సిడీ కూడా అడక్కుండా గాలికి వదిలేస్తున్నారు. అదే పంటకాలంలో ఒక్కసారి నేల ఆరితే లెక్క 0.71 వంతుకు దిగుతుంది. పలుమార్లు ఆరితే 0.55 వంతుకు. 38 కిలోలు 21 అవుతాయి. మిగిలిన 17 కిలోలు చిన్న మొత్తం అనుకునేరు. నూరేళ్ళ లెక్కన మీథేన్ బొగ్గుపులుసు వాయువుకు 27 రెట్లు వేడి పట్టిస్తుంది, ఇరవై ఏళ్ళ లెక్కన దాదాపు 80 రెట్లు. అయితే అది గాలిలో ఉండేది పన్నెండేళ్ళే. ఇవాళ తగ్గిస్తే ఫలితం చూసేది మనవళ్ళు కాదు, మనమే. ఈ ఒక్క కారణానికే దీని మీద ఇంత పట్టుదల.

మీ బరువూ తూచాం. ఎకరం మడిలో 5 సెంటీమీటర్ల ఎత్తు నిలబడాలంటే 2 లక్షల లీటర్ల పైచిలుకు కావాలి. సెకనుకు 5 లీటర్లు పోసే బోరు 11 గంటలు ఆగకుండా ఆడాలి. మీరేమో రోజూ ఇంకుతూ, ఆవిరవుతూ, గట్టు కింద నుంచి జారుకుంటూ మళ్ళీ మళ్ళీ నింపించుకుంటారు.

సరే, సెలవు నిబంధనలు వినండి. మీ హాజరు పట్టీ ఒక గొట్టం ముక్క. నాలుగంగుళాల పీవీసీ పైపు 30 సెంటీమీటర్లు కోయాలి. అందులో సగానికి, అంటే 15 సెంటీమీటర్లకు, చుట్టూ 5 మిల్లీమీటర్ల బెజ్జాలు రెండేసి సెంటీమీటర్ల ఎడంతో వేయాలి. బెజ్జాలున్న సగం మట్టిలోకి, బెజ్జాలు లేని సగం పైకి. గట్టుకు దగ్గర్లో, రోజూ వంగి చూడ్డానికి వీలైన చోట, కానీ పొలంలో మరీ మెరకా మరీ పల్లమూ కాని చోట దించాలి. మెరక మీద పెడితే గొట్టం ఎండిందని అరుస్తుంది, పల్లంలో పెడితే నిండుగా ఉన్నానని బుకాయిస్తుంది. దించాక అసలు పని మర్చిపోతారు చాలామంది: గొట్టం లోపలి మట్టిని అడుగు కనిపించేదాకా చేత్తో తోడెయ్యాలి. తోడకపోతే అది పైపు కాదు, పొలంలో పాతిన మేకు. మడికి నీళ్ళు పెట్టి చూడాలి. బయటా లోపలా ఒకే మట్టం ఉండాలి. లేకపోతే దించేటప్పుడు బంక మట్టి బెజ్జాలకు కొట్టుకుని మూసేసిందన్న మాట. పీకి, కడిగి, మళ్ళీ పెట్టాలి. దుక్కి కింద గట్టి పొర ఉంటుంది చూశారూ, దాన్ని పొడిచి కిందికి దించకూడదు. మీరు ఆ బెజ్జం లోంచే జారుకుంటారు. మీ సంగతి మాకు తెలుసు.

నాటాక మొదటి రెండు వారాలు మీకు సెలవు లేదు. మొక్క నిలదొక్కుకోవాలి, కలుపు లేవకూడదు. అప్పుడు కూడా 2 నుంచి 5 సెంటీమీటర్లు చాలు, మోకాలెత్తు దర్బారు అక్కర్లేదు. ఆ తర్వాత మిమ్మల్ని మీ దారిన ఇంకిపోనిస్తాం. నేల బయటపడుతుంది, చిన్న చిన్న నెర్రెలు మొదలవుతాయి, చూసేవాళ్ళకి గుండె దడ వస్తుంది. గొట్టంలో నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్లు కిందికి పోయేదాకా దడ అక్కర్లేదు. వేళ్ళు అక్కడికి చేరతాయి, అందుకే దిగుబడి తగ్గదు. 15 దాటనిస్తే తగ్గుతుంది. కాబట్టి గొట్టం అడుగు పొడిగా కనిపించిన రోజే మళ్ళీ 5 సెంటీమీటర్లు పెట్టాలి, ఎల్లుండి చూద్దాంలే అనకూడదు. ఈ సెలవు ఎన్ని రోజులన్నది క్యాలెండర్ చెప్పదు. నీరు త్వరగా ఇంకే చల్క నేలలో ఒక్క రోజే కావచ్చు, బరువు నేలలో వానాకాలంలో పది దాటవచ్చు. అందుకే గొట్టం.

పూతకు వారం ముందు నుంచి పూత అయ్యాక వారం దాకా సెలవులన్నీ రద్దు. 5 సెంటీమీటర్లు తగ్గకుండా హాజరు కావాలి. ఆ పదిహేను రోజుల్లో మీరు ఎగ్గొడితే కంకి నిండా తాలే. గింజ పాలుపోసుకుని గట్టిపడేటప్పుడు మళ్ళీ ఆరుతడి (ఆరనిచ్చి తడి పెట్టడం), కోతకు పది పదిహేను రోజుల ముందు పూర్తిగా సెలవు. ఆ తర్వాత కూడా చేలో కనిపిస్తే కోత మిషను దిగబడుతుంది, కోత ఆగిపోతుంది.

మీ తరఫు లాయర్లు చెప్పే మొదటి మాట కలుపు. అది అబద్ధం కాదు. నీళ్ళుంటే ఊద మొలవదు, తుంగ తగ్గుతుంది. కూలీలు దొరకని రోజుల్లో మీరే చవకైన కలుపు మందు. అందుకే మొదటి రెండు వారాలూ మిమ్మల్ని ఉంచమన్నాం. నాటిన 3 నుంచి 5 రోజుల్లో ప్రెటిలాక్లోర్ లాంటి కలుపు మందు ఎకరాకు 20, 25 కిలోల పొడి ఇసుకలో కలిపి చల్లేది కూడా పలుచటి నీళ్ళలోనే. ఆ మందు పని చేస్తుండగా మీకు సెలవిస్తే అది మా తప్పే. చాలా పొలాల్లో ఆరుతడి ఫెయిలయ్యేది ఈ దగ్గరే: ముందు కలుపు సంగతి చూడకుండా నీళ్ళు తీసేసి, ఊద తలెత్తాక పద్ధతిని తిట్టుకోవడం. 2003 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చిన శ్రీ వరి సాగు పద్ధతికి ఏమైందో గుర్తుందిగా. 8 నుంచి 12 రోజుల నారు, ఎకరాకు 2 కిలోల విత్తనం, 25 సెంటీమీటర్ల ఎడం, నీళ్ళు నిలపొద్దు. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ పదేసి రోజులకోసారి కలుపు తీసే వీడరు ఎవరు నెడతారు? నడుములు మొరాయించాయి. పద్ధతి మూలపడింది. నిందలో సగం మీ ఖాతాలో పడలేదు, మీ అదృష్టం.

రెండో లాయరు కరెంటు. ఈయన దగ్గర వాదన కంటే పలుకుబడి ఎక్కువ. బిల్లు లేని కరెంటు, ఎప్పుడొస్తుందో తెలియని కరెంటు. రెండూ కలిస్తే పుట్టిన సంతానం పేరు ఆటో స్టార్టరు. రైతు నిద్రలో ఉన్నా కరెంటు రాగానే మోటారు దానంతటదే మొదలవుతుంది, మడి నిండి పొర్లుతుంది, బోరు అడుగంటుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే ఊరూరా బతిమాలింది. నిజానికి కరెంటు ఖాయంగా ఉంటుందన్న నమ్మకం కుదిరితే ఆరుతడి తేలికవుతుంది. రేపు వస్తుందో రాదో అనుకునేవాడు ఇవాళే నిండా పెట్టుకుంటాడు. మిమ్మల్ని చేలో కట్టేసింది ఆశ కాదండీ, అనుమానం.

కాలువ కింద మీ రాజ్యం ఇంకా గట్టిది. నీటి తీరువా ఎకరానికి ఇంతని కడతారు, లీటరుకు కాదు. కాబట్టి తక్కువ వాడినవాడికి ఒరిగేది లేదు. గోదావరి డెల్టాలో బోదె (పిల్ల కాలువ) లేని పొలాలకు మీరు చేనుకు చేను దాటి వెళతారు. పైచేను ఆరబెడితే కిందిచేనుకు దారి మూసుకుపోతుంది. అలాంటి చోట ఒక్క రైతు గొట్టం పాతి ఏం చేస్తాడు? కాలువ మొత్తానికీ వంతు పెడితే తప్ప సాగదు. ఫిలిప్పీన్స్‌లోని బొహోల్‌లో జరిగింది అదే: కొత్త ఆనకట్ట కింద నీటిపారుదల శాఖే వంతులవారీగా వదలడం మొదలుపెట్టాక అక్కడ ఆరుతడి ఊరంతా పాకింది. ఇక్కడ కాలువ మొదట్లో, తలకట్టున మీరు పుష్కలంగా నిలబడతారు, శివారు ఆయకట్టులో మీ పేరు చెప్పి దండం పెట్టుకుంటారు. సరిగా చేస్తే పొలానికి పెట్టే నీళ్ళలో 30 శాతం దాకా మిగులుతుందని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ లెక్క. ఆ మిగిలింది శివారుకు దిగితేనే లాభం. అక్కడికి దిగకుండా తలకట్టులోనే మరో ఎకరం దమ్ము చేస్తే మీథేన్ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. వాతావరణం, అభివృద్ధి అని విడివిడిగా ఫైళ్ళు పెట్టుకునేవాళ్ళు ఈ తూము దగ్గరికొచ్చి ఒక పూట నిలబడితే బాగుండు.

మాకు సాధ్యం కాని చోట్లు కూడా ఉన్నాయి, మీకు నచ్చుతుంది కాబట్టి చెబుతున్నాం. సార్వాలో వాన ముసురు పట్టి, మురుగు కాలువ పూడిపోయిన పల్లపు చేలో మీకు సెలవిచ్చినా పోయే దారి లేదు. తీరం దగ్గరి ఉప్పు నేలల్లో ఆరబెడితే ఉప్పు పైకి తేలుతుంది, అక్కడ మీరే ఉండండి. నల్లరేగడిలో నెర్రెలు లోతుగా విచ్చుకోనిస్తే తర్వాత పెట్టిన తడి అంతా వాటిలోకే పోతుంది, ఆదా కాస్తా ఆవిరి. అక్కడ గొట్టం 15 చూపించేదాకా ఆగకుండా, సన్న నెర్రె కనిపించగానే తడి పెట్టాలి. ఆరుతడికి మంచి అదును దాళ్వా, యాసంగి. వాన లేని కాలంలో నీళ్ళ పగ్గం రైతు చేతిలో ఉంటుంది.

గడ్డి సంగతి కూడా మీ ఖాతాలోనే ఉంది. కోసిన గడ్డిని తగలబెట్టొద్దంటే, దమ్ములోనే కలిపి మీకు అప్పగించేస్తున్నారు. మీకిక పండగే. దమ్ముకు నెల లోపు కలిపిన పచ్చి గడ్డి మీథేన్ జీవులకు నేరుగా మేత. నెలకు ముందే పొడి దుక్కిలో కలిపితే ఐపీసీసీ లెక్కలో దాని ప్రభావం ఐదో వంతుకు పడిపోతుంది. పేడ ఎరువు, కంపోస్టు ఆ దరిదాపుల్లోనే. గడ్డిని కలపడం తప్పు కాదు, మీ చేతికి పచ్చిగా ఇవ్వడం తప్పు.

యూరియా విషయంలో మేం కూడా జాగ్రత్తగా ఉండాలి. మడి ఆరితే మీథేన్ తగ్గుతుంది కానీ, నత్రజని ఎక్కువుంటే నైట్రస్ ఆక్సైడ్ లేస్తుంది. దాని వేడి బొగ్గుపులుసు వాయువుకు 273 రెట్లు. అందుకే బస్తా బస్తా కుమ్మరించకుండా దఫాలుగా, నీళ్ళు తీసిన బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటలు ఆగి పలుచగా తడి పెట్టాలి. నిండు నీళ్ళలో చల్లిన యూరియా ఎటు పోతుందో మీకు తెలుసు, మీరే మోసుకుపోతారు.

మీ సేవా పుస్తకంలో ఇంకొన్ని ఉన్నాయి. ఎడతెగని తడిలో జింకు అందక ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తాయి. దానికి లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేటు కొట్టమంటారు, కానీ మచ్చ ఎందుకొచ్చిందో మీవైపు చూసి అడగరు. సుడిదోమ వచ్చాక మొదటి సలహా “నీళ్ళు తీసి ఆరగట్టండి” అని. మందుల దుకాణం దగ్గర మాత్రం అది ఆఖరి సలహా, అసలు చెబితే. మెదడువాపు జ్వరం మోసే దోమ కూడా మీ ఇంట్లోనే గుడ్లు పెడుతుంది. దానికి అద్దె కూడా వసూలు చేయరు మీరు.

మొన్నామధ్య మీ పేరు మీద వ్యాపారం కూడా మొదలైంది. మీరు సెలవు పెట్టినట్టు కాగితం చూపిస్తే కార్బన్ క్రెడిట్లట, అంటే తగ్గించిన వాయువుకు లెక్కగట్టి అమ్ముకునే పత్రాలు. మంచిదే, రైతుకు నాలుగు డబ్బులొస్తే కాదనేదెవరు? కాకపోతే కాగితం మీద ఆరిన మడులు పొలంలో ఆరాలి. వెర్రా అని ఈ క్రెడిట్లు నమోదు చేసే ఒక రిజిస్ట్రీ ఉంది (మన వెర్రి కాదు, పేరే అంత). వాళ్ళు 2024లో చైనాలోని 37 వరి ప్రాజెక్టుల్ని ఒక్క దెబ్బతో తిరస్కరించారు. ఫలానా తారీఖున ఫలానా సర్వే నంబర్లో గొట్టం ఎంత చూపించిందో రాసుకున్న పుస్తకం లేని చోట మిమ్మల్ని నమ్మడం కష్టం. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. క్రెడిట్ల కంపెనీలకు ఆ పల్లం ఇంకా బాగా తెలుసు.

2021 నవంబరులో గ్లాస్గోలో నూరుకు పైగా దేశాలు కూర్చుని 2030కల్లా మీథేన్‌ను 2020 మట్టం నుంచి 30 శాతం తగ్గిస్తామని ఒట్టేసుకున్నాయి. మన దేశం సంతకం పెట్టలేదు. అన్నం కోసం వచ్చే మీథేన్‌ను విలాసం కోసం వచ్చే పొగతో ఒకే కాటాలో వెయ్యొద్దన్నది మన వాదన. ఆ వాదనలో న్యాయముంది. చిన్న రైతు కంచం ముందు నిలబడి లెక్కలడగడం సిగ్గుచేటు కూడా. అయితే నిలవ నీరు గారూ, మీరు ఆ కంచం వెనక దాక్కోకండి. అన్నం పెడుతున్నది వరి. మీరు పక్కన నిలబడి బోరు ఖాళీ చేస్తున్నారు.

కాబట్టి సెలవు మంజూరైంది. మొదటి విడత నాటిన పదిహేనో రోజు నుంచి. తిరిగి చేరాల్సింది గొట్టం పిలిచినప్పుడు, తప్పనిసరి హాజరు పూతకు వారం ముందు.

ఇట్లు,
గట్టు మీది వాళ్ళం

తా.క.: గొట్టంలో మట్టం ఒక్క రాత్రిలో జారిపోతే సెలవు బాగా పని చేస్తోందని సంబరపడవద్దని రైతులకు చెప్పాం. ముందు గట్టు చుట్టూ తిరిగి ఎండ్రకాయ బొక్కలు, ఎలుక కలుగులు వెతకమన్నాం. దొరికితే బంక మట్టితో బిగించమన్నాం. అది సెలవు కాదు, పరారీ. ఆ రోజులు జీతం కోతలో వేస్తాం.